ఆరు నెలలు కదలని బండి: తాళం తిప్పే ముందు ట్యాంకు చూడండి

ప్రశ్న: మాది నిజాంపేట. మా అమ్మాయి పురిటికని నేనూ మా ఆవిడా మే రెండో వారంలో అమెరికా వెళ్లి నవంబరు మొదటి వారంలో తిరిగి వచ్చాం. 2016లో కొన్న పెట్రోలు కారును సెల్లార్‌లో కవరు కప్పి ఉంచాం. అప్పటికి పెట్రోలు ముల్లు సగం దగ్గర ఉంది. 2013 నాటి స్కూటర్‌కు సెల్లార్‌లో చోటు లేక ప్రహరీ పక్కన ఆరుబయట పెట్టాం. అందులో రెండు లీటర్లు ఉండవచ్చు. కొత్త పెట్రోలు ఫుల్‌ట్యాంకు కొట్టిస్తే అంతా సర్దుకుంటుందని మా వీధి మెకానిక్ అంటున్నాడు. మొత్తం తీసి పారబోయాల్సిందేనని మా బావమరిది పట్టుబడుతున్నాడు. తీసేసేటట్లయితే ఆ పెట్రోలు తన మోపెడ్‌కు ఇమ్మని వాచ్‌మన్ అడుగుతున్నాడు. నేనింకా ఏ బండికీ తాళం పెట్టలేదు. ఏం చేయమంటారు? మరొక్క మాట. మా అపార్ట్‌మెంటు సంఘానికి కార్యదర్శిని నేనే. జనరేటర్‌లో డీజిల్ పోయించి ఏడాది దాటింది. కరెంటు కోతలు తగ్గడంతో అదీ అలాగే పడి ఉంది. దాన్ని ఏం చేయాలో కూడా చెప్పగలరు.

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఊరట కలిగించిన మాట, ఇంకా ఏ బండికీ తాళం పెట్టలేదన్నది. ఊరి నుంచి వచ్చిన మర్నాడే సెల్లార్‌కు దిగి, కవరు లాగేసి, స్టార్టవుతుందేమో చూద్దామని తాళం తిప్పేవారే ఎక్కువ. మీ కారు వంటి ఇంజెక్షన్ బండ్లలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది. తాళం ‘ఆన్’ దాకా తిప్పగానే, ఇంజను ఇంకా తిరగకముందే, వెనక సీటు కింది నుంచి ఒకటి రెండు క్షణాలపాటు సన్నగా గుయ్‌మనే చప్పుడు వినిపిస్తుంది. ట్యాంకు అడుగున ఉన్నదాన్ని ఆ పంపు పైపులోకి తోడి, ఇంజనులోకి పెట్రోలును చిమ్మే ఇంజెక్టర్ల వైపు నెట్టే చప్పుడది. అడుగున ఉన్నది మంచి పెట్రోలే అయితే ఏ నష్టమూ లేదు. నీళ్లయితే మాత్రం, ట్యాంకు కడిగితే తీరిపోయే పని కాస్తా ఫిల్టరుకూ పంపుకూ ఇంజెక్టర్లకూ పాకుతుంది. కాబట్టి ఇంకొక్క రోజు ఆగండి.

మీ మెకానిక్ చెప్పిన మాటా, మీ బావమరిది చెప్పిన మాటా రెండూ నిజమే కావచ్చు. కాకపోతే అవి రెండు వేరువేరు జబ్బులకు చెప్పిన మందులు. నిలవ పెట్రోలు రెండు విధాలుగా చెడుతుంది. ఒకటి ముదిరిపోవడం, రెండోది నీరు చేరి విడిపోవడం. ముదిరినదాన్ని కొత్త పెట్రోలులో కలిపి వాడుకోవచ్చు. విడిపోయినదాన్ని ఎంత కొత్త పెట్రోలు పోసినా మళ్లీ నమ్మదగిన పెట్రోలుగా చేయలేము, తీసేయవలసిందే. మీ రెండు బండ్లలో దేనికి ఏ జబ్బు ఉందో తేల్చుకోకుండా మందు వేయడం వల్లనే ఇటువంటి వ్యవహారాల్లో డబ్బు వృథా అవుతుంది.

ముదిరిపోవడం అంటే ఏమిటో ముందు చెబుతాను. పెట్రోలు ఒకే పదార్థం కాదు, తేలికవీ బరువైనవీ అయిన వందల రకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. చల్లబడి ఉన్న ఇంజను మొదటిసారి అందుకోవడానికి కావలసింది అందులోని అతి తేలిక భాగం, ఎందుకంటే తొందరగా ఆవిరై గాలితో కలిసి నిప్పు అందుకునేది అదే. పూజగదిలో కర్పూరం డబ్బా మూత సరిగా పెట్టకపోతే బిళ్లలు నెలనెలా ఎలా అరిగిపోతాయో, ట్యాంకులోని ఈ తేలిక భాగం కూడా అలాగే ముందుగా ఎగిరిపోతుంది. ముల్లు చూస్తే పెట్రోలు పెద్దగా తగ్గినట్టు ఉండదు. కానీ మిగిలినది బద్ధకపు పెట్రోలు. సెల్ఫ్ ఎంత కొట్టినా ఇంజను అందుకోదు, అందుకున్నా కాసేపు దగ్గుతూ నడుస్తుంది. దీనితోపాటు ఇంకొకటి జరుగుతుంది. పెట్రోలులోని కొన్ని భాగాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా జిగురుగా మారతాయి. తుమ్మజిగురు రంగులో ఉండే ఆ పదార్థం పెట్రోలులో కరిగి ఉన్నంతకాలం కంటికి కనిపించదు. పెట్రోలు ఆరిపోయిన చోటల్లా పొరగా అంటుకుంటుంది. వేడి ఎక్కువైతే ఈ పని తొందరగా జరుగుతుంది. హైదరాబాద్‌లో నలభై డిగ్రీలు దాటే మే నెల ఎండలో ఆరుబయట నిలిచిన మీ స్కూటర్ మొదటి నెల ఎలా గడిపి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ జిగురును నేను కళ్లారా చూసింది 2020 లాక్‌డౌన్ తరువాత. అప్పట్లో నాకొక పాత స్కూటర్ ఉండేది. మార్చి చివర్లో నిలిపినదాన్ని మళ్లీ ఆగస్టులో బయటికి తీసి, మీ మెకానిక్ చెప్పినట్టే లీటరు కొత్త పెట్రోలు పోసి కిక్కు కొట్టాను. ఇరవై కిక్కుల తరువాత స్టార్టయింది, నా తెలివికి నేనే మురిసిపోయాను. తార్నాక చౌరస్తాలో సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదలగానే ఆగిపోయింది. మళ్లీ కొడితే అందుకుంటుంది, వదిలితే ఆగిపోతుంది. చివరికి తోసుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లాక, అక్కడి మెకానిక్ పెద్దాయన, గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటర్ విప్పి, కింది గిన్నె తీసి నా ముందు పెట్టాడు. గిన్నె అడుగున బెల్లం పాకం ఆరిపోయినట్టు గోధుమరంగు పొర ఉంది. అందులోంచి వడ్లగింజంత ఇత్తడి మరను ఒకదాన్ని విప్పి ఎండకు ఎత్తి పట్టుకోమన్నాడు. దాన్ని స్లో జెట్ అంటారు. దాని నడుమ వెంట్రుక దూరేంత రంధ్రం ఉండాలి, అందులోంచి వెలుగు కనిపించాలి. నాకేమీ కనిపించలేదు. ఆయన కార్బొరేటర్ క్లీనరు చల్లి, కాసేపు నాననిచ్చి, కరెంటు తీగలోంచి తీసిన సన్నని రాగి పోగుతో పొడిచాక అందులో సూదిమొనంత ఆకాశం కనిపించింది. ఇంజను నిలకడగా తిరగడమంతా ఆ రంధ్రం మీదే ఆధారపడి ఉంటుంది. కొత్త పెట్రోలు పోసినంత మాత్రాన గడ్డకట్టిన జిగురు కరగదని నాకు ఆ రోజు తెలిసింది.

ఇక రెండో జబ్బు. ఇది మన పెద్దల కాలపు పెట్రోలుకు ఇంతగా ఉండేది కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో దాదాపు 20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ ఉంటుంది. 2030 నాటికి అనుకున్న ఈ లక్ష్యాన్ని ప్రభుత్వం 2025–26కు ముందుకు జరిపింది. 2023లో కొన్ని బంకుల్లో మొదలైన ఈ పెట్రోలు రెండేళ్లలో దేశమంతా పరచుకుంది. ఇథనాల్ వల్ల లాభాలున్నాయా లేవా అన్న చర్చ ఇక్కడ అనవసరం. నిలవ ఉంచే బండికి సంబంధించినంతవరకు దానికున్న ఒక గుణం మాత్రం తెలిసి ఉండాలి. అది తేమను పీలుస్తుంది. వానాకాలంలో మూత వదిలేసిన బెల్లం చెమర్చినట్టే, ట్యాంకులోకి వచ్చే గాలిలోని తేమ ఇథనాల్‌లోకి చేరుతుంది. కొంతవరకు ఆ నీరు పెట్రోలులో కనిపించకుండా కలిసే ఉంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలుకన్నా 20 శాతం ఉన్నది ఎక్కువ నీటినే మోయగలదు. కానీ మోయగలిగిన హద్దు దాటిందంటే, లేదా చలికాలపు రాత్రి చల్లబడి ఆ హద్దే తగ్గిందంటే, ఇథనాలూ నీళ్లూ జట్టుగా విడిపోయి అడుగుకు దిగుతాయి. మజ్జిగను కదపకుండా ఉంచితే తేట పైకి వస్తుంది కదా, ఇక్కడ అడుగున చేరేదే ప్రమాదం, ఎందుకంటే పంపు తోడేది అడుగు నుంచే. ఆ పొరతో ఇంజను నడవదు సరికదా, ఇనుప ట్యాంకుకు తుప్పు పట్టిస్తుంది, కార్బొరేటర్ అల్యూమినియంను తిని తెల్లని పొడి మిగులుస్తుంది. పైన మిగిలిన పెట్రోలు నుంచి ఇథనాల్ వెళ్లిపోయింది కాబట్టి దాని ఆక్టేన్, అంటే ఇంజనులో వేళకు ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం కూడా పడిపోతుంది. పైదాన్ని మాత్రం వేరుచేసి వాడుకుంటానని అనుకోకండి.

అయితే భయపడేముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఒట్టి గాలిలోని తేమతోనే పెట్రోలు విడిపోవడం అంత తేలిక కాదు. ముఖ్యంగా మీ కారు వంటి వాటిలో ట్యాంకు మూత గట్టిగా బిగుసుకుంటుంది, ఆవిరి బొగ్గు డబ్బాలోకి వెళ్లేలా ఏర్పాటు ఉంటుంది, బయటి గాలితో రాకపోకలు తక్కువ. సెల్లార్‌లో నీడపట్టున ఆరు నెలలున్న కారులో నేను విడిపోయిన పెట్రోలు కన్నా ముదిరిన పెట్రోలునే ఎక్కువగా అనుమానిస్తాను. స్కూటర్ సంగతి వేరు. దాని మూతకు గాలి ఆడే సన్నని దారి ఉంటుంది. ట్యాంకు పగటి వేడికి ఆవిరిని బయటికి వదిలి, రాత్రి చల్లబడినప్పుడు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది పీల్చింది వానాకాలపు గాలి. మూత కింది రబ్బరు వాషరు పగిలి ఉంటే వాన నీరే నేరుగా దిగి ఉండవచ్చు. పన్నెండేళ్ల స్కూటర్‌లో ఆ వాషరు బాగుందని నేను పందెం కాయను.

కాబట్టి స్కూటర్ విషయంలో తర్జనభర్జన అక్కర్లేదు. ఉన్న రెండు లీటర్లూ తీసేయండి. రెండువందల పైచిలుకు విలువ చేసే పెట్రోలును కాపాడబోయి కార్బొరేటర్‌ను పాడుచేసుకోవడం లెక్కకు అందని బేరం. తీసినదాన్ని తెల్లని గాజు సీసాలో పోసి అరగంట కదపకుండా ఉంచండి. అడుగున నీళ్లలాగా వేరే పొర, మధ్యలో స్పష్టమైన గీత కనిపిస్తే పెట్రోలు విడిపోయినట్టు. పొర లేకపోయినా మబ్బుగా ఉంటే అందులో నీరు చేరినట్టే లెక్క. తరువాత ఎలాగూ కార్బొరేటర్ గిన్నె విప్పించి, జెట్లు రెండూ తీయించి, మీరు దగ్గరుండి ఎండకు పట్టి చూడండి. క్లీనరు చల్లి తుడిచేశానని చెబితే ఒప్పుకోకండి, వెలుగు కనిపించాలి. పెట్రోలు పైపును వేళ్లతో వంచి చూడండి. గట్టిపడి పగుళ్లు వస్తే మార్పించండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్ల రబ్బరు భాగాలు ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. పైపులూ వాషర్లూ పుత్లీబౌలీ స్పేర్ పార్టుల దుకాణాల్లో తక్కువకే దొరుకుతాయి, మోడల్ చెప్పి కొనుక్కోవచ్చు.

కారుకు మాత్రం పరీక్ష చేసి నిర్ణయించాలి. మొదట కారును ఆరుబయటికి తెప్పించి, ట్యాంకు మూత తీసి వాసన చూడండి. ముక్కు లోతుగా పెట్టి పీల్చవద్దు, మూత దగ్గరకు చేతితో విసురుకుంటే చాలు. మంచి పెట్రోలు వాసన ముక్కులో గుచ్చుకుంటుంది. ముదిరిన పెట్రోలుకు ఆ పదును పోయి, పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు పుల్లని, బరువైన వాసన వస్తుంది. తరువాత ట్యాంకు అడుగు నుంచి నమూనా కావాలి. మూత దగ్గరి గొట్టంలోంచి పైపు దించి తీయడం ఇప్పటి కార్లలో చాలావరకు కుదరదు, లోపల అడ్డం ఉంటుంది. చాలా చిన్న కార్లలో వెనక సీటు ఎత్తితే పంపు మీది మూత కనిపిస్తుంది. అక్కడి నుంచి తీయడం మంచి మెకానిక్‌కు గంట పని. ఆ వీలు లేకపోతే ఇంజను దగ్గరి పైపు విప్పి, పంపు తోడేదాన్ని డబ్బాలోకి పట్టమనండి. దానివల్ల పంపు తడిసినా ఇంజెక్టర్లైనా దక్కుతాయి. ఆ పైపులో ఒత్తిడి నిలిచి ఉంటుంది కాబట్టి ఈ పని మీరు స్వయంగా చేయవద్దు. నమూనాను గాజు సీసాలో చూశాక ఒక చుక్కను తెల్లని వడపోత కాగితం మీద వేయండి. బంకుల్లో కల్తీ పరీక్షకు వాడే కాగితం అదే, వినియోగదారుడు అడిగితే అక్కడ ఆ పరీక్ష చేసి చూపాలి. మంచి పెట్రోలు చుక్క రెండు నిమిషాల్లో మచ్చ మిగల్చకుండా ఆరిపోతుంది. మీ చుక్క ఆరాక పసుపు అంచు మిగిలిందంటే జిగురు పట్టిందన్నమాట.

ఇక లెక్క. మీ కారు ట్యాంకు 35 లీటర్లదైతే సగం అంటే 17 లీటర్ల దాకా ఉంటుంది. నమూనా తేటగా ఉండి, వాసనలో పదును ఉండి, కాగితం మీద మచ్చ పడకపోతే మీ మెకానిక్ మాటే నెగ్గుతుంది. బ్యాటరీ సరిచూసుకుని, స్టార్టు చేసి, ఇంజను మీద భారం వేయకుండా దగ్గరి బంకుకు వెళ్లి ఫుల్‌ట్యాంకు కొట్టించండి. వాసన ముదిరి, మచ్చ పడి, పొరలు మాత్రం లేకపోతే సగానికి సగం కలపడం నాకు చాలదనిపిస్తుంది. పన్నెండు లీటర్ల దాకా తీయించి, మిగిలిన అయిదు లీటర్లను ముప్ఫై లీటర్ల కొత్త పెట్రోలులో కలిపి, ఆ ట్యాంకును వారం పది రోజుల్లో తిరిగి ఖర్చు చేసేయండి. పొర కనిపించిందా, మీ బావమరిదిదే గెలుపు. మొత్తం తీసి, ట్యాంకు అడుగు తుడిపించి, ఫిల్టరు మార్పించాలి. ఈ చివరి రెండు సందర్భాల్లోనూ బండిని బంకు దాకా తీసుకెళ్లడానికి ముందుగా కొంత కొత్త పెట్రోలు ఇంటికే తెచ్చుకోవలసి ఉంటుంది. బంకుల్లో ప్లాస్టిక్ సీసాల్లో పోయరు, పోయకూడదు కూడా. మూత బిగుసుకునే లోహపు డబ్బా తీసుకెళ్లండి.

ఖరీదైన ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు పోస్తే పాతది బాగవుతుందని మీకు ఎవరో ఒకరు చెబుతారు. ఆక్టేన్ వేరు, ఎగిరిపోయిన తేలిక భాగం వేరు. ఒకటి పెంచితే రెండోది తిరిగి రాదు. నాఫ్తలీన్ ఉండలు వేయమనే పాతకాలపు సలహా కూడా వినిపించవచ్చు. దాన్ని చీరల బీరువాకే వదిలేయండి. పెట్రోలు నిలవ ఉండేందుకు కలిపే స్టెబిలైజర్లు దొరుకుతాయి కానీ, అవి కొత్త పెట్రోలు ముదరకుండా ఆపే మందులే తప్ప ముదిరినదాన్ని వెనక్కి తెచ్చేవి కావు.

బ్యాటరీ అన్నాను కాబట్టి ఒక్క మాట. ఆరు నెలల తరువాత బ్యాటరీ దిగిపోయి ఉండటం దాదాపు ఖాయం, దాని లక్షణాన్ని పెట్రోలు మీదికి నెట్టకూడదు. సెల్ఫ్ కొడితే టిక్కుమని ఆగినా, మూలుగుతూ నెమ్మదిగా తిరిగినా అది బ్యాటరీ. చురుగ్గా తిరుగుతూ కూడా అందుకోకపోతే అప్పుడు పెట్రోలును అనుమానించండి. తోసి స్టార్టు చేయించవద్దు.

పెట్రోలు తీసే చోటు గురించి నేను కొంచెం గట్టిగానే చెప్పదలచుకున్నాను. ఆ పని సెల్లార్‌లో చేయించవద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోకుండా నేలబారుగా పాకి పల్లపు చోట నిలుస్తుంది, మన అపార్ట్‌మెంట్లలో అన్నిటికన్నా పల్లం సెల్లారే. సున్నాకు నలభై డిగ్రీల కింద చలిలో కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరిని ఇవ్వగలదు. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాళ్లు చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. మన సెల్లార్లలో సంపు మోటారు దానంతట అదే ఆన్ అవుతుంది, లిఫ్టు మీటల పెట్టె ఉంటుంది, ఎలక్ట్రిక్ స్కూటర్లకు ఛార్జింగ్ ప్లగ్గులుంటాయి, ఓ మూల గదిలో వాచ్‌మన్ కుటుంబం గ్యాస్ పొయ్యి మీద వంట చేసుకుంటూ ఉంటుంది. కారును నలుగురు తోసి పైకి, ఆరుబయటికి తెచ్చాకే మూత విప్పించండి. ఉదయం పూట చేయించండి. డబ్బాను నేల మీద పెట్టే నింపాలి, చేతిలో పట్టుకునీ డిక్కీలో పెట్టీ నింపకూడదు. నోటితో పైపు పీల్చి పెట్రోలు తీసే అలవాటు మన మెకానిక్‌లలో ఇంకా ఉంది. మీ ఎదుట ఎవరైనా పైపు నోట్లో పెట్టుకుంటే ఆపండి. మింగిన పెట్రోలు కన్నా ఊపిరితిత్తుల్లోకి జారిన ఒక్క గుక్క ఎక్కువ హాని చేస్తుంది. రబ్బరు బల్బున్న చేతిపంపు ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా కొన్ని వందల్లో వస్తుంది. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

తీసినదాన్ని ఎక్కడ పోయాలన్నది మీ బావమరిది ‘పారబోయడం’ అన్న ఒక్క మాటలో తేల్చేశారు. డ్రైనేజీలో పోస్తే ఆవిరి మ్యాన్‌హోళ్లలో నిలిచి ఎక్కడో నాలుగిళ్ల అవతల అంటుకోవచ్చు. వాన కాలువలో పోస్తే నాలాల మీదుగా చెరువుకూ, చివరికి మూసీకీ చేరుతుంది. చెత్త తగలబెట్టడానికో, గొలుసులు కడగడానికో వాడటమూ తగదు. పెట్రోలులో బెంజీన్ ఒక శాతం వరకు ఉండవచ్చు, అది చర్మం ద్వారా, ఊపిరి ద్వారా ఒంట్లోకి చేరే క్యాన్సర్ కారకం. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం దుండిగల్‌లో, మీకు అంత దూరం కాని చోటే ఉంది కానీ అది పరిశ్రమల కోసం పెట్టినది, రెండు లీటర్ల డబ్బాతో వెళ్లే చోటు కాదు. ఆచరణలో మీకున్న దారి, వాడిన ఇంజను ఆయిల్‌ను అధీకృత సంస్థలకు అప్పగించే పెద్ద సర్వీస్ సెంటర్‌లో కారు పని చేయించి, విడిపోయిన పెట్రోలును కూడా వారినే తీసుకోమని ముందుగానే మాట్లాడుకోవడం.

జనరేటర్ డీజిల్ గురించి అడిగారు. డీజిల్ పెట్రోలులా ఎగిరిపోదు, చల్లగా పొడిగా ఉంచితే ఏడాది నిలుస్తుంది. దానికి పడని చుట్టం నీళ్లే. ట్యాంకు గోడలకు పట్టిన చెమ్మ అడుగుకు దిగుతుంది, ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి నల్లని నాచులాంటి జిగట తయారవుతుంది. నాలుగు గంటలు కరెంటు పోయి లిఫ్టులో మనుషులు చిక్కుకున్న రోజున ఫిల్టరు పూడిపోయేది దీనివల్లనే. రేపే ట్యాంకు అడుగున ఉన్న కాక్ (చిన్న కుళాయి) విప్పించి సీసాలోకి పట్టించండి. మొదట నీళ్లో నల్లని మడ్డో వస్తే తేటైన డీజిల్ వచ్చేదాకా వదలనివ్వండి, ఫిల్టరు మార్పించండి. సీసా నిండా మడ్డే వస్తే ట్యాంకు కడిగించక తప్పదు. తేటగా ఉంటే నెలకొకసారి, ఒట్టిగా తిప్పడం కాకుండా లిఫ్టూ మోటారూ దాని మీద వేసి, అరగంట నడిపించి ఆ పాత డీజిల్‌ను ఖర్చు చేయండి. కమిటీ సమావేశంలో దీని ఖర్చు గురించి ప్రశ్నిస్తే ఈ ఉత్తరం చూపించవచ్చు.

వచ్చే ఏడాది మనవడి పుట్టినరోజుకు మళ్లీ వెళ్తారనుకుంటున్నాను. వెళ్లే వారం ముందు కారుకు కొత్త పెట్రోలు ఫుల్‌ట్యాంకు కొట్టించి, అందులో డబ్బా మీద రాసిన కొలత ప్రకారం స్టెబిలైజరు కలిపి, పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి ఆపండి. ట్యాంకు నిండుగా ఉంటే తేమ గాలికి చోటు తగ్గుతుంది, నడపడం వల్ల మందు ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. మీరు లేని కాలంలో తెలిసినవారెవరైనా నెలకు రెండుసార్లు పది కిలోమీటర్లు తిప్పగలిగితే అంతకు మించినది లేదు. సెల్లార్‌లోనే అయిదు నిమిషాలు స్టార్టు చేసి ఆపేసే పద్ధతి బ్యాటరీకీ మేలు చేయదు, పొగ గొట్టంలో నీరు మిగులుస్తుంది, సెల్లార్‌లో విషవాయువు నింపుతుంది. స్కూటర్‌కు దీనికి విరుద్ధంగా ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్ గిన్నె అడుగున ఉండే మరను వదులు చేసి అందులోని చెంచాడు పెట్రోలును కూడా వదిలేసి వెళ్లండి. నా స్లో జెట్‌ను మూసేసింది ఆ చెంచాడే.

వాచ్‌మన్ అడిగిన సంగతి చివరికి ఉంచాను. స్కూటర్ నుంచి తీసిన రెండు లీటర్లను ఎట్టి పరిస్థితిలోనూ ఆయనకు ఇవ్వకండి. మీ బండికి పనికిరాదని తీసినది ఆయన మోపెడ్‌కూ పనికిరాదు, దాని కార్బొరేటర్ మీ స్కూటర్‌దానికన్నా చిన్నది, ఆ బండి ఆగిపోతే ఆయనకు జరిగే నష్టం మీకు జరిగేదానికన్నా పెద్దది. కారు నుంచి తీసినది పొరలు లేకుండా కాస్త ముదిరినదైతే ఇవ్వవచ్చు, కానీ ఒక పాలు పాతదానికి నాలుగు పాళ్లు కొత్తది కలిపి వాడుకోవాలని చెప్పి, ఆ నాలుగు పాళ్లలో మొదటి రెండు లీటర్ల డబ్బు మీరే ఇవ్వండి. మిగిలిన డబ్బాను పొయ్యి ఉన్న గదిలో పెట్టుకోనివ్వకండి. మేడ మీద నీడపట్టున, లిఫ్టు గదికి దూరంగా, పిల్లలకు అందని చోట ఉంచి, కావలసినప్పుడు మీ దగ్గరే అడిగి తీసుకునేట్టు ఏర్పాటు చేయండి.